మాట వినే డబ్బా

సుల్తానాబాద్‌ల మా ఇంటికి, రజాకన్న ఇంటికి నడుమ ఒక్కటే గోడ. నేను పెండ్లయి వచ్చిన కొత్తల ఆ గోడ అవుతలి నుంచి ఎప్పుడూ రెండు చప్పుళ్లు వినవడేటివి. ఒకటి మోటరు తిరిగే చప్పుడు, రెండోది ఖుర్షీదక్క నవ్వు.

రజాకన్న ఇంటి ముంగట రేకుల షెడ్డు ఏసుకొని, కాలిపోయిన బోరు మోటర్లకు రాగితీగ చుడుతడు. యాసంగి వచ్చిందంటె చుట్టుపక్కల ఊర్ల రైతులు మోటర్లు తెచ్చి ఆ షెడ్డుల దించి పోతరు. ఖుర్షీదక్క ఆయన భార్య. ఆమెకు బజార్ల గాజుల దుకాణం ఉండేది. వాళ్లకు ఇఖ్రా ఒక్కతే బిడ్డ. కరీంనగర్‌ల ఇచ్చిన్రు. అక్కడే ఒక ప్రైవేటు బడిల లెక్కలు చెప్తది.

ఖుర్షీదక్క తల్లిగారిల్లు ఆదిలాబాద్ దిక్కు బోథ్. ఆమె తండ్రి గాజుల మూట భుజాన ఏసుకొని ఊరూరి అంగడి తిరిగినోడు. చిన్నతనంల తండ్రి వెంట ఈమె కూడ తిరిగింది. అందుకే ఆమెకు తెలుగు ఎవరూ నేర్పియ్యలే, ఆడోళ్ల చేతులకు గాజులు తొడుగుకుంటనే నేర్చింది. ఆమె తెలుగుల జర మరాఠీ కూడ ఉండేది. దుకాణంల గిరాకీ ఎక్కువైతె “లౌకర్, లౌకర్” అని తొందరపెట్టేది. మేము ఎక్కిరిస్తె మాకన్న ముందు ఆమెనే నవ్వేది.

ఇంట్ల మాత్రం వాళ్లది వాళ్ల మాటే, ఉర్దూ. రజాకన్న ఏదన్న పనివడి దుకాణానికి వస్తె, ఖుర్షీదక్క మొఖం ఇటు తిప్పి మాతోని తెలుగు, అటు తిప్పి ఆయనతోని ఉర్దూ మాట్లాడేది. “ఏజీ, జరా సునో”, ఏమండి జర వినుండ్రి, అని మొదలువెట్టిందంటె ఆయన చేతిల ఏ పని ఉన్నా ఆపి వినేటోడు. ఆ పిలుపు ఆయన ఒక్కనికే. ఇన్నేండ్ల కాపురంల వాళ్లిద్దరు తెలుగుల మాట్లాడుకోంగ నేనైతె వినలే.

పోయినేడు చలికాలం మొదలైన దినాలల్ల ఒక పొద్దున రజాకన్న షెడ్డుల మోటరుకు కరెంటు పెట్టి చూస్తుండు. మోటరు మస్తు మోగుతుంది. ఖుర్షీదక్క షెడ్డు తలుపు కాడికి వచ్చి ఏదో అన్నది. ఆయనకు వినవడలే. ఆగుమన్నట్టు చెయ్యి ఊపిండు. ఆమె లోపలికి పోయింది. మోటరు ఆపేసరికి లోపల గిన్నె వడ్డ చప్పుడైంది. పోయి చూస్తె వంటింట్ల కింద పడి ఉన్నది. నోరు ఒక పక్కకు వంకర పోయింది. కుడిచెయ్యి, కుడికాలు రెండూ పడిపోయినయి.

మా ఇంటాయన కారు మాట్లాడుకొచ్చిండు. కరీంనగర్ దవాఖానకు తీసుకపోయిన్రు. పానం దక్కింది. ఇంటికి తెచ్చినంక మెల్లగ కాలు కదిలింది, పట్టుకుంటె నాలుగు అడుగులు వేసేది. చెయ్యి మాత్రం ఏలాడుతనే ఉండేది. మాటైతె మొత్తానికే పోయింది. నోరు తెరిస్తె ఉత్త గాలి వచ్చేది. మనం చెప్పేది మాత్రం అంత తెలిసేది. తెలుగుల అన్నా, ఉర్దూల అన్నా తల ఊపేది. తను ఏదో చెప్పాలని చూసి, రాక, మొఖం గోడ దిక్కు తిప్పుకునేది. ఊరంతటితోని మాట్లాడిన మనిషి అట్ల గోడ దిక్కు తిరిగి పండుకుంటె చూసుడు మా వల్ల కాకపోయేది.

కరీంనగర్‌ల మాట నేర్పే డాక్టరమ్మ ఒకామె ఉన్నది, తిరుమల అని. ఆమె రజాకన్నకు నిమ్మలంగ చెప్పింది. “మాటలు ఎటూ పోలే. బయటికి వచ్చే తొవ్వ మూసుకపోయింది. ఆమెకు ఏదన్న అడగాలె అన్న ఆశ పుట్టాలె. మీరు తొందర పెట్టొద్దు, ఆమె చెప్పబోయేది మీరే చెప్పొద్దు.”

ఆ మాట విన్నంక ఇఖ్రాకు ఒక ఆలోచన తట్టింది. ఇప్పుడు టీవీకి పెట్టే కొత్త డబ్బాలు వచ్చినయి గద, రిమోట్ల మీట నొక్కి ఏం కావాలెనో నోటితోని చెప్తె అదే పెడుతయి. ఇంట్ల నెట్ ఎట్లనూ ఉన్నది.

“అబ్బా, మనం ముంగట కూసుంటె అమ్మీకి సిగ్గయితుంది,” అన్నది ఇఖ్రా తండ్రితోని. “ఒక్క మాట రాకపోతె మన మొఖం దిక్కు చూస్తది, మనం ఏడుస్తమేమో అని. డబ్బా ముంగట సిగ్గెందుకు? దానికి ఓపిక ఎక్కువ. నూరుసార్లు తప్పు చెప్పినా కోపం రాదు.”

రజాకన్నకు ఆ మాట నచ్చింది. తండ్రీ బిడ్డలు కరీంనగర్‌ల ఓంప్రకాశ్ సేటు దుకాణానికి పోయిన్రు. అక్కడ జరిగింది రజాకన్న నాకు గోడ కాడ నిలబడి చాలాసార్లు చెప్పిండు, ఎందుకంటె ఆయనకు అది మనసుల నుంచి పోలే.

సేటు రెండు డబ్బాలు తీసి ముంగట పెట్టిండట. ఒకటి నల్లది, చిన్నది, అరచేతిల పడుతది. రెండోది తెల్లది, జర గుండ్రం. ధర ఇంచుమించు ఒక్కటే. రజాకన్న ఇంటి టీవీ వెనుక భాగం ఫోన్ల ఫొటో తీసుకొని పోయిండు, వైరు పట్టే సందు ఉన్నదా లేదా అని. ఉన్నదన్నడు సేటు. ఆ తర్వాత రజాకన్న తన కుడిచెయ్యి వెనుకకు పెట్టుకొని, ఒక్క ఎడమచేతితోని రెండు రిమోట్లు పట్టి చూసిండు. బొటనవేలికి మైకు మీట అందుతదా, పట్టు జారుతదా అని. ఎందుకట్ల పట్టుకుంటున్నవని సేటు అడిగితె ఇఖ్రా చెప్పింది. సేటు మొఖం మారింది. ఇగ అప్పటి నుంచి బేరం తీరుగ మాట్లాడలేదట.

“అమ్మ ఏ భాషల అడుగుతది భాయ్?” అన్నడు.

“మా మాటలనే,” అన్నడు రజాకన్న.

“అట్లయితె ఈ నల్లది బాగుంటది. హిందీ, ఉర్దూ మంచిగ పడుతది. నత్తిగ అన్నా అందుకుంటది. తెలుగు మాత్రం దీనికి రాదు. తెల్లదానికి తెలుగు మస్తుగ వచ్చు. హిందీ వచ్చు గని మీ దిక్కు యాస దానికి కష్టం.”

ఇఖ్రా తెల్లది తీసుకుందామన్నది. “రెండు భాషలు వచ్చేది ఇంట్ల ఉంటె మంచిది గద అబ్బా.”

“ఆగు, అడిగి చూద్దాం,” అని రజాకన్న నల్లదాని రిమోట్ నోటి కాడ పెట్టుకొని “పురానే గానే లగావ్” అన్నడు. పాత పాటలు పెట్టుమని. అనుడు ఆలస్యం పాత పాటలు వచ్చినయి. తెల్లదాన్ని కూడ అదే మాట అడిగిండు. అది తెలుగు మీద పెట్టి ఉండె. “పురానే”ను “పురాణం” అనుకున్నట్టుంది, ఎవరో స్వామి పీట మీద కూసోని ప్రవచనం మొదలువెట్టిండు. సేటు నవ్విండు, ఇఖ్రా నవ్వింది, రజాకన్న కూడ నవ్విండు. ఆమె పడిపోయినంక ఆయన నవ్వుడు అదే మొదలట.

“నల్లది ఇయ్యి సేట్,” అన్నడు. “ఆమె నాతోని ఏ మాట మాట్లాడుతదో గా మాట వినేది కావాలె నాకు.”

నల్లడబ్బా ఇంటికి వచ్చింది. టీవీ ఖుర్షీదక్క మంచం ముంగట పెట్టిన్రు. రజాకన్న పొద్దున షెడ్డు తెరవకముందు పక్కన కూసుండేటోడు. “గానా బోలో ఖుర్షీద్. గా... గా...” అని నోరు ఎట్ల తెరవాలెనో చూపేటోడు. డాక్టరమ్మ తొందరపెట్టొద్దన్నది గనుక మళ్ల తనే ఆపుకునేటోడు. ఆమె మీట నొక్కేది. పెదవులు సరిగనే తెరిచేది. గాలి వచ్చేది. టీవీల నుంచి ఒక ఆడమనిషి గొంతు ఎంతో మర్యాదగ, మాఫ్ చెయ్యుండ్రి, సమఝ్ కాలే అని హిందీల చెప్పేది.

ఆ గొంతు మాకు గోడ అవుతలికి వినవడేది. పొద్దుందాక మాఫీ అడుగుతనే ఉండేది.

నెల గడిచింది. ఒకనాడు నేను అంబలి తీసుకొని పోతె రిమోట్ కనవడలే. ఎతికితె తలకింది మెత్త కింద ఉన్నది. ఖుర్షీదక్కనే దాచింది. నేను తీయబోతె వద్దన్నట్టు తల ఊపింది. కండ్ల నుంచి నీళ్లు చెవుల మీదికి కారుతున్నయి. నేను ఆ రిమోట్ ఆడనే పెట్టి వచ్చిన.

తర్వాత ఒకనాడు పగటిపూట మా అత్త కిష్టవ్వ ఆమె కాడ కూసోను పోయింది. మా అత్తకు గిన్నెలు తోముతుంటె గాజులు పలిగినయి, ఒక చేతికి ఒక్క గాజే మిగిలి ఉండె. ముచ్చట్ల మధ్యల ఆ చెయ్యి ఖుర్షీదక్క చేతుల పెట్టింది. ఖుర్షీదక్క ఆ మణికట్టు దిక్కు చూసింది. ఎడమచేతితోని మా అత్త వేళ్లు దగ్గరికి మలిచి, కణుపుల మీద ఒత్తింది. దుకాణంల ఎట్ల ఒత్తుతదో అట్లనే. ఒత్తుకుంట అన్నది:

“చెయ్యి మెత్తగ పెట్టవ్వా.”

నేను గడప కాడ ఉన్న. మాట జర ముద్దగనే ఉన్నది గని మాటకు మాట తెలిసింది. మా అత్త పెద్దగ ఒర్లింది, “ఓ కోమలా, ఖుర్షీదుకు మాటొచ్చింది, రజాకును పిలువే!”

నేను షెడ్డు కాడికి ఉరికిన. రజాకన్న చేతులకు వార్నిష్ అంటి ఉన్నది, అట్లనే వచ్చిండు. మంచం ముంగట మోకాళ్ల మీద కూసున్నడు. “బోలో ఖుర్షీద్. ఫిర్ సే బోలో,” మళ్లొక్కసారి అనుమన్నడు.

ఆయనను చూసి ఆమె మొఖం వెలిగింది. చెప్పాలని నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బినయి. ఏమీ రాలే. మళ్ల చూసింది. రాలే. ఆయన ఏమనుకున్నడో, మా అత్త పెట్టినట్టే తన చెయ్యి ఆమె చేతుల పెట్టిండు. ఆమె ఆ చెయ్యి పట్టుకున్నది. అప్పుడు వచ్చింది మాట, తెలుగుల.

“ఏం గావాలె అన్నా?”

దుకాణానికి మొగోళ్లు వస్తె ఆమె అట్లనే అడిగేది. ఎన్నివేలసార్లు అన్న మాటనో, నోటికి అదే వచ్చింది. నేను రజాకును అన్నా అనుడు వేరు, ఇంటామె అనుడు వేరు. ఏమన్నదో ఆమెకు తెలిసింది. ఎడమచెయ్యి తీసి నోటి మీద కొట్టుకున్నది. ఆయన ఆ చెయ్యి పట్టి ఆపిండు. “కుచ్ నై, కుచ్ నై,” ఏం కాలే ఏం కాలే అనుకుంట తల నిమిరిండు. ఆమె మొఖం ఆయన అంగీల పెట్టుకొని ఏడ్చింది. మేమిద్దరం అత్తాకోడండ్లం మెల్లగ బయటికి వచ్చినం.

మళ్ల కరీంనగర్ పోయిన్రు. తిరుమల డాక్టరమ్మ అంత విని, సంతోషపడ్డది. తర్వాత చెప్పవలసింది చెప్పింది. “రెండు భాషలు ఉన్నోళ్లకు ఒక్కోసారి ఒక్కటే వెనుకకు వస్తది. చేతితోని పని చేసుకుంట రోజంత అన్న మాటలు లోపల గట్టిగ ఉంటయి. చిన్నప్పుడు తండ్రి వెంట నేర్చింది కూడ గదే గద. రెండోది తర్వాత రావచ్చు, రాకపోవచ్చు. నేను మాట ఇయ్యలేను. ఇప్పుడైతె వచ్చినదానితోనే మాట్లాడుండ్రి. రానిదాని కోసం గుంజితె వచ్చింది కూడ ఆగిపోతది.”

“అంటె నేను ఇంట్ల ఆమెతోని ఉర్దూ మాట్లాడొద్దా?” అని అడిగిండట రజాకన్న.

“కొన్నాళ్లు,” అన్నది డాక్టరమ్మ.

బయటికి వచ్చినంక ఆయన నడుసుకుంట ఓంప్రకాశ్ సేటు దుకాణానికే పోయిండు. తెల్లడబ్బా ఇయ్యుమన్నడు. నల్లది పనిచేస్తలేదా అని అడిగిండు సేటు.

“అది మంచిగనే ఉన్నది సేట్,” అన్నడు రజాకన్న. “నేనే నా మాటతోని అడిగి చూసిన. ఆమె ఏ మాట మాట్లాడుతదో నాకు ఎరుక అనుకున్న.”

సేటు తెల్లడబ్బా విప్పి, తనే కూసోని భాష తెలుగు మీద పెట్టి, అక్షరాలు పెద్దగ చేసి ఇచ్చిండు. నల్లదాన్ని ఇఖ్రా తన ఇంటికి తీసుకపోయింది.

తెల్లడబ్బా పెట్టిన దినం మా ఇంటిల్లిపాది అక్కడనే ఉన్నం. ఖుర్షీదక్క రిమోట్ ఎడమచేతుల పట్టుకున్నది. మీట నొక్కి, “పాట... పెట్టు,” అన్నది. పాట వచ్చింది.

ఆమె ఉలిక్కిపడ్డది. తర్వాత నవ్వింది. పాత నవ్వు అంత కాదు, ఒక పక్క పెదవే కదిలింది, కాని నవ్వే. రజాకన్న బయటికి పోయి షెడ్డుల నిలబడ్డడు.

ఆనాటి నుంచి ఆమెకు ఆ డబ్బాతోని దోస్తీ. “జొన్నరొట్టె” అంటె ఎవరో ఒకామె రొట్టె కొట్టుడు చూపిచ్చేది. “వాన” అంటె వాన పాటలు. “గాజులు” అంటె ఒక పిల్ల గాజులు తొడుక్కునుడు వచ్చింది. ఆ పిల్ల చెయ్యి బిగబట్టుకొని గుంజుతుంటె ఖుర్షీదక్క టీవీ మీదికి కోపానికి వచ్చింది. “గట్ల గాదు! మెత్తగ, మెత్తగ!” అన్నది. అన్ని మాటలు ఒక్కసారి వచ్చినందుకు ఆమెనే ఆగి మా దిక్కు చూసింది. ఒకనాడు “బోథ్” అన్నది. ఆ దిక్కు అడివి, రాళ్ల మీదికెళ్లి దుంకే నీళ్లు వచ్చినయి. ఆమె అది అయిపోయిందాక చూసి, మళ్ల “బోథ్” అన్నది. ఆనాడు పొద్దుందాక అదే చూసింది.

రజాకన్న ఇంట్ల తెలుగు మొదలువెట్టిండు. రైతులతోని దినమంత మాట్లాడేదే, కొత్తదేం కాదు. అయినా భార్యతోని మాట్లాడితె ఆయన గొంతు వేరే అయ్యేది. “చాయ్ తాగుతవా?” అని అడుగుడుల ఏదో దవాఖానల మనిషి అడిగినట్టు ఉండేది. మొదట్ల ఒక్కొక్క మాటకు ఆగేటోడు, సగం ఉర్దూ వచ్చి మింగేటోడు. ఆమె అది కనిపెట్టి తల దించుకునేది.

ఆమెకు ఆయన పేరు రాలే. ఎంత పట్టినా “అన్నా” అనే వచ్చేది, వచ్చిన వెంటనే నాలుక కరుచుకునేది. తర్వాత తర్వాత ఆయనను పిలువుడే బంద్ చేసింది. మంచం కోడు మీద చేతితోని తట్టేది. గా చప్పుడుకు ఆయన షెడ్డుల నుంచి లేచి పోయేటోడు.

ఇది నాకు పానం మీదికి వచ్చినట్టు అనిపించి, ఒకనాడు ఆమె కాడ కూసోని చెప్పిన. “అక్కా, నేను మా ఇంటాయనను పేరు పెట్టి పిలుస్తనా? ‘ఇగో’ అని పిలుస్త. మా అత్త కూడ మామను గట్లనే అంటది. నువ్వు కూడ ఇగో అను.” ఆమె నా పెదవుల దిక్కు చూసింది. నేను మరిచిపోయిన.

కొన్ని దినాలకు రజాకన్న గోడ కాడికి వచ్చి నన్ను పిలిచిండు. “కోమలా, పొద్దున నన్ను ఇగో అన్నది. ‘ఇగో, చాయ్’ అన్నది,” అన్నడు. నవ్వుతుండు. నవ్వుకుంటనే భుజం మీది తువ్వాలతోని కండ్లు ఒత్తుకున్నడు. “మా అవ్వ, మా దాదీ ఎవ్వరు గిట్ల పిలువలే. పిలిచింది గద, చాలు.” “ఏజీ అని మళ్ల అంటదంటవా?” అని అడిగిండు. నేను అంటదనే అన్న.

ఒక్క చోట మాత్రం ఆమె పాత గొంతు పాత తీరుగనే ఉండె. నమాజుకు కుర్చీల కూసోని చదువుకునేటప్పుడు మాటలు తడబడకుంట వచ్చేటివి. అవి తెలుగూ కావు, ఉర్దూ కావు, చిన్నప్పుడు కంఠం పట్టిన అరబ్బీ మాటలు. రజాకన్న తన నమాజు మసీదుల చేసుకొని వచ్చి, తలుపు అవుతల చెప్పులు విడిచి అట్లనే నిలబడి వినేటోడు. ఆమె సలాం తిప్పి నమాజు ముగించినంకనే లోపలికి పోయేటోడు.

ఒకసారి ఆయన ఆ పొద్దటి సంగతి అడిగిండు. “ఆనాడు షెడ్డు కాడికి వచ్చి ఏమన్నవు? మోటరు మోతల నాకు వినవడలే,” అని. నేను అక్కడనే ఉన్న, కూరగాయలు కోసిస్తున్న. ఆమెకు ఆ పొద్దు యాదికి ఉన్నది, మొఖంలనే తెలిసింది. చెప్పాలని చూసింది. “అన్నం,” అన్నది. కాదని తల ఊపింది. “నీళ్లు... కాదు. బిడ్డ... కాదు.” చేతితోని గాలిల ఏదో చూపెట్టింది, తలకాడికి తెచ్చింది. నాకు సమఝ్ కాలే, ఆయనకు కాలే. తల నొస్తున్నదని చెప్పను వచ్చిందా, వేరే ఏదన్ననా. ఆమె ఏడుస్తుంటె ఆయన “పోనియ్యి, పోనియ్యి, నేనే అడగకుంట ఉండాల్సింది,” అన్నడు. మళ్ల ఎన్నడు అడగలే.

ఎండకాలానికి ఆమె చెయ్యి పట్టుకుంటె బజారు దాక నడిచేటట్టయింది. దుకాణం తెరిచినం. పొద్దున జరసేపు నేను, మా అత్త ఆమెతోని కూసునేటోళ్లం. ఆమె ఎడమచేతితోని గాజులు ఏరి ఇచ్చేది, నేను తొడిగేది. నా పని నచ్చకపోతె “లౌకర్, లౌకర్” అనేది. పాత గిరాకీ ఆడోళ్లు ఆమెను చూడనీకే వచ్చేటోళ్లు. ఆమె వాళ్ల పేర్లు చెప్పకపోయినా, చేతి సైజు మాత్రం పట్టుకోంగనే చెప్పేది. మధ్యాహ్నం రజాకన్న బండి మీద వచ్చి తీసుకపోయేటోడు. దుకాణం బయట బండి ఆపి, లోపల ఆమె ముచ్చట్లు వినుకుంట నిలబడేటోడు. “ఊరోళ్లతోని ఇంత మాట్లాడుతది గని నాతోని మాట్లాడుటానికి ఇంటికాడ గీ మాటలే ఉన్నయి, చాయ్, అన్నం, మందుగోలి, పండుకో,” అని ఒకనాడు మా ఇంటాయనతోని అన్నడట రజాకన్న. ఆమెను తప్పు పట్టి అన్నది కాదు.

మొదటి వానలకు ఖుర్షీదక్కకు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి టీవీ చూసుకుంటనే ఒరిగింది. రిమోట్ కింద పడ్డది. రజాకన్న షెడ్డుల లేడు, ఒక రైతు బోరు కాడికి పోయిండు. మా అత్తనే చూసింది. కరీంనగర్ తీసుకపోయినం. డాక్టర్లు ఇఖ్రాను పక్కకు పిలిచి చెప్పిన్రు, మెదడుల రక్తం కారింది, ఇగ ఆశ పెట్టుకోవద్దని.

లోపలికి ఒక్కొక్కరినే పోనిచ్చిన్రు. రజాకన్న పోయి ఆమె మంచం పక్కన స్టూలు మీద కూసున్నడు. ఆమె చెవి కాడికి వంగిండు. అప్పుడు మాట్లాడిండట, ఉర్దూల. డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి ఆపుకున్నదంత. ఇఖ్రా అద్దం అవుతల నుంచి చూసింది. ఏం మాట్లాడిండో ఆమెకు వినవడలే, పెదవులు ఆగకుంట కదులుతున్నయట. నర్సు వచ్చి టైమైందని చెప్తె, ఇంకొక్క మాట అన్నట్టు చెయ్యి చూపిండట. నర్సు మంచిది, మళ్ల వచ్చి పిలువలే. ఖుర్షీదక్క విన్నదో వినలేదో ఎవ్వరు చెప్పలేరు. తెల్లారి ఆమె పానం పోయింది.

బోథ్ నుంచి ఆమె తమ్ముడు అమీర్ వచ్చిండు. అంత అయిపోయినంక మూడో దినం ఆమె పేరు మీద ఫాతెహా చదువనీకె చుట్టాలు కూసున్నరు. మేము మా తరఫున చాయ్ చేసి పంపినం. అమీర్ తన బావ పక్కన కూసోని, ఉర్దూల మెల్లగ అడిగిండు, మా అక్క చివరిదినాలల్ల ఎట్ల ఉండె, ఏమన్న చెప్పిందా అని.

రజాకన్న చెప్పవట్టిండు. “మంచిగనే ఉండె తమ్మీ. దుకాణం కాడికి పోతుండె. బోథ్ చూపియ్యి అని టీవీని అడుగుతుండె. మొన్న కూడ చింతకాయ తొక్కు తిన్నది...” అనుకుంట అంత తెలుగులనే.

అమీర్ తెల్లబోయిండు. చుట్టాలు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నరు. “దుల్హే భాయ్,” అన్నడు అమీర్, “హమారే సే తెలుగు మే క్యూం బాత్ కర్రే?” మాతోని తెలుగుల ఎందుకు మాట్లాడుతున్నవు అని.

రజాకన్న ఆగిండు. తను ఏ మాటల మాట్లాడుతున్నడో అప్పటిదాక ఆయనకు తెలిసినట్టు లేదు. ఉర్దూల ఏదో అనబోయిండు. నోరు తెరుచుకొని అట్లనే ఉన్నడు, మాట కోసం దేవులాడుతున్నట్టు. ఆ మొఖం చూసి నాకు వాకిట్ల నిలబడబుద్ధి కాలే. దవాఖానల, కబరస్తాన్‌ల ఏడ్వని మనిషి అప్పుడు ఏడ్చిండు. అమీర్ ఆయనను పట్టుకున్నడు.

దుకాణం ఇప్పుడు నేను చూసుకుంటున్న. రజాకన్ననే తాళం తెచ్చి ఇచ్చిండు. ఇఖ్రా కరీంనగర్ వచ్చి తనతోని ఉండుమని అడుగుతనే ఉన్నది. ఆయన పోలే. షెడ్డుల మోటర్లు చుడుతుండు, పొయ్యి మీద ఆయనే వండుకుంటుండు, మా అత్త కూర ఇస్తె తీసుకుంటడు.

పోయిన ఐతారం ఇఖ్రా వచ్చింది. ఇల్లు ఊడ్చి, బట్టలు ఉతికి ఆరేసి, తండ్రి పక్కన కూసున్నది. టీవీ నడుస్తుంది, ఏదో వార్తలు. రజాకన్న అది చూస్తలేడు. నేను గోడ మీదికెళ్లి కారంపొడి డబ్బా ఇద్దామని నిలబడ్డ.

“అబ్బా, ఊకె వార్తలే ఎందుకు?” అన్నది ఇఖ్రా. “మీట నొక్కి నీకు నచ్చింది ఏదన్న పెట్టుమను.”

ఆయన తెల్లడబ్బా రిమోట్ చేతిలకు తీసుకున్నడు. మీట మీద బొటనవేలు పెట్టిండు. నోటి కాడికి తెచ్చి మళ్ల దించిండు.

“ఏం పెట్టుమనాలె బిడ్డా?” అన్నడు.

ఇఖ్రా లేచి బియ్యం కడుగ లోపలికి పోయింది.